దీంట్లో రాగి ఉందా

పందొమ్మిదేళ్లుగా విడవలూరు రోడ్డులో
రొయ్యల మందుల కొట్టు నాది.
మేత బస్తాలు, సున్నం, బ్లీచింగు,
మూల డబ్బాలో నీలంగా మెరిసే మైలుతుత్తం.
"నత్తలు పట్టినాయి అబ్బయ్యా" అని రైతు వస్తే
ఎకరాకెంతో వేళ్ల మీద చెప్తా,
కాగితంతో పన్లేదు.
రెండ్రోజులకు గుంట గట్టున
తెల్లగా, ఖాళీగా గుల్లలు.
ఎన్నో, ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

ఇంట్లో మాత్రం ఒకటే నత్త.
నెల్లూరు ట్రంకు రోడ్డులో నలభై రూపాయలకు
కామాక్షి బేరమాడకుండా కొన్నది.
పసుప్పచ్చగా గుండ్రంగా ఉందని
పూర్ణం అని పేరు పెట్టింది.
రాత్రిళ్లు అది అద్దం మీద పాకుతుంటే
చిన్న నోరు తెరవడం, మూయడం కనిపిస్తుంది,
పలక మీద ఒకే అక్షరం దిద్దుతున్నట్టు,
దిద్ది తుడిచేస్తున్నట్టు.

కార్తీకంలో ముసురు పట్టింది.
మూడ్రోజులు కరెంటు వచ్చీ పోయీ
తొట్టిలో నీళ్లు చల్లబడి
చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు.
"తెల్లమచ్చ నాన్నా" అంది.
మా వైపు ఆ మాట గట్టిగా అనరు.
ఆ మాటకు గుంటలు ఎండినాయి,
మా బావమరిది ట్రాక్టరు పోయింది.
"అది రొయ్యలది, ఇది వేరే" అన్నానే గానీ
గుండె జల్లుమంది.

కొట్లోంచి చిన్న సీసా తెచ్చా.
రంగుచేపల కోసమని ఏజెంటు ఊరికే ఇచ్చిపోయింది.
మూత తిప్పుతుంటే మోచెయ్యి పట్టుకుంది.
"దీంట్లో రాగి ఉందా?"

అమ్మేవాణ్ణి.
ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలా.
ఫోను లైటు వేసి, కళ్లజోడు నొసటికి నెట్టి
చీమ కాళ్లంత అక్షరాలు చదివా.
ధర ఉంది. డోసు ఉంది.
చేపకు మేలని మూడుచోట్ల ఉంది.
అట్టడుగున, జిగురు మరక కింద సగం దాక్కుని
ఉంది. రాగి.

గుంటకు బస్తాల్లో పోయేదే
ఇంటికి చుక్కల్లో వచ్చింది.

"ఉప్పేద్దామా మరి?"
"ఎక్కువైతే దానికి ఒళ్లు కాలుద్ది."
లెక్కల నోటు చివరి పేజీ తెరిచింది.
ఎదురింటి రోషన్ తొట్టిలో నీటిపురుగులని
కుక్కకేసే నులిపురుగుల బిళ్ల అరముక్క వేశాడంట,
చేపలు హాయిగా ఈదినాయంట,
నత్తలు మూడోనాటికి గుల్లల్లోంచి వేలాడినాయంట.
ఆ పచ్చరంగు మందును ఒకరు వద్దంటే
ఇంకొకరు పర్లేదన్నారని
దాని పక్కన ప్రశ్న గుర్తు, రెండుసార్లు దిద్ది.
మిగిలింది వేడిచేసే కడ్డీ,
రోజూ కాసిని నీళ్లు మార్చడం,
ఇంకా, పేజీ అంచున, ఓపిక.

కరెంటు లేదుగా, కడ్డీ ఎట్టా అన్నా.
కొట్లో ఇన్వర్టరుందిగా అంది.

పూర్ణాన్ని వేరే ఉంచాలి.
ఆవకాయ జాడీ తెస్తే వద్దంది,
ఎంత కడిగినా ఉప్పుంటుందని.
చివరికి గాజు సీసా, మైపాడు ఒడ్డున ఏరుకున్న
సముద్రపు నురుగు ముక్క ఒకటి.
అది అప్పటికే తలుపేసుకుంది.
గోధుమరంగు తలుపు, గోరంత,
లోపల గడియ పెట్టినట్టు.

ముందురోజు సాయంత్రం
తుత్తం తూచిన చేత్తోనే తొట్టిలో పంపు సర్దానని
కామాక్షికి చెప్పలేదు.
ఇప్పటికీ చెప్పలేదు.

చచ్చిన నత్త కంపు ఇల్లంతా లేస్తుంది, నాకు తెలుసు.
అందుకే పొద్దున్నే సీసా మూతి దగ్గర
ముక్కు పెట్టి అరుస్తుంది, "వాసన్లేదు నాన్నా!"
వాళ్లమ్మ పొయ్యి దగ్గర్నుంచి
"సరే, పళ్లు తోముకో" అంటుంది.
నాలుగు రోజులుగా మా ఇంట్లో అదే శుభవార్త.

ఇవాళ అంకయ్య వచ్చాడు.
"గుంట నిండా నత్తలే, ఎంతెయ్యాల?"
వేళ్లు లేచినాయి,
కాసేపు గాల్లోనే ఉన్నాయి.
చెప్పా. తూచా. డబ్బులు గల్లాలో వేసుకున్నా.

ఇంటికి బయల్దేరేముందు కొళాయి కింద
మోచేతుల దాకా సబ్బు రుద్దా.
సబ్బు కూడా దానికి పడదని గుర్తొచ్చి
ఉత్త నీళ్లతో మళ్లీ,
మళ్లీ.